కట్టు విప్పాక మొదలయ్యే పని

జారి పడి మణికట్టు విరిగితే మన ఇళ్ళలో దాన్ని పెద్ద జబ్బుగా చూడరు. పుత్తూరుకు తీసుకుపోతారు, లేదంటే తిరుపతిలో ఎముకల డాక్టర్ దగ్గర సిమెంటు కట్టు వేయిస్తారు. ఆరు వారాలకు కట్టు విప్పుతారు. చెయ్యి ఆడుతుంది, అందరూ మరిచిపోతారు. నేను తిరుపతిలో ఒక స్కానింగ్ సెంటర్‌లో డెక్సా మెషీన్ దగ్గర పని చేస్తాను. ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే మెషీన్ అది. తుంటి విరిగి ఆపరేషన్ అయ్యాక వచ్చే పెద్దవాళ్ళను "ఇంతకుముందు ఎప్పుడైనా ఎముక విరిగిందా అమ్మా?" అని తప్పకుండా అడుగుతాను. "నాలుగేండ్ల కింద చెయ్యి ఇరిగింది. కట్టు కట్టిచ్చినాం, బాగైపోయింది" అంటారు. ఆ నాలుగేళ్ళలో ఆమె ఎముకల గురించి ఇంకెవరూ ఏమీ చూడలేదు.

ఆ మధ్యకాలంలో ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. 50 దాటిన మీ అమ్మకో, అత్తకో, పెద్దమ్మకో నిలుచున్న చోట పడితేనే ఎముక విరిగిందంటే, కట్టు విప్పిన వారం నుంచే మీకు పని ఉంది. బండి మీద నుంచి పడటం, మేడ మెట్ల మీద నుంచి దొర్లడం వేరు. స్నానాల గదిలోనో, గడప దగ్గరో, వాకిట్లో తడి బండ మీదో పడి మణికట్టు, భుజం, తుంటి విరిగినా, బిందె ఎత్తగానే నడుములో కలుక్కుమని వెన్నుపూస నలిగినా, ఎముకలో బలం తగ్గిందనే అనుకోవాలి. ఒకసారి అలా విరిగినవాళ్ళకు మళ్ళీ విరిగే అవకాశం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు రెట్టింపు. అది కూడా మొదటి రెండేళ్ళలోనే ఎక్కువ.

మాది పుత్తూరు దగ్గరి పల్లె. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు కోసం తమిళనాడు నుంచీ కర్ణాటక నుంచీ వచ్చే జనాన్ని చూస్తూ పెరిగాను. సిమెంటుదైనా వెదురుదైనా, కట్టు చేసేది విరిగిన ముక్కలను కదలకుండా పట్టి ఉంచడమే. అతుక్కునే పని ఎముక తనంతట తాను చేసుకుంటుంది. అయితే చెయ్యి అతుక్కున్నంత మాత్రాన తుంటిలో, వెన్నులో ఉన్న బలహీనత పోదు. ఇంకో మాట. తుంటి విరిగిన మనిషిని కట్టు కోసం ఎక్కడికీ తిప్పకండి. నేరుగా ఆపరేషన్ చేసే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ అయితే మనిషి లేచి నడిచే అవకాశమూ, బతికి బయటపడే అవకాశమూ మెరుగ్గా ఉంటాయి. తిరుపతిలో ఎముకలూ కీళ్ళ కోసమే టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది, రుయా పెద్దాసుపత్రి ఉంది.

ఎముక లోపల ఏం జరుగుతోంది

ఇది తెలిస్తే తర్వాత చెప్పేవన్నీ ఎందుకో అర్థమవుతాయి. ఎముక ఒకసారి పెరిగి అలాగే ఉండిపోయే వస్తువు కాదు. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు పాతది పోయి కొత్తది వస్తుంది. ఆస్టియోక్లాస్ట్ అనే కణాలు పాత ఎముకను ఆమ్లంతో కరిగించి గుంట చేస్తాయి. వాటి వెనకే ఆస్టియోబ్లాస్ట్‌లు వచ్చి ఆ గుంటలో ముందు కొలాజెన్ అనే ప్రొటీన్ పరిచి, దాని మీదికి కాల్షియం, ఫాస్ఫరస్ చేర్చి గట్టి చేస్తాయి. కడుతూ కడుతూ కొన్ని ఆస్టియోబ్లాస్ట్‌లు తాము కట్టిన ఎముకలోనే కూరుకుపోయి ఆస్టియోసైట్‌లుగా మారతాయి. ఎముకలోని కణాల్లో నూటికి 90కి పైగా ఇవే. ఎముక మీద బరువు పడుతోందా లేదా అని కనిపెట్టేవి ఇవే. బరువు పడకపోతే స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్ ఎక్కువగా వదిలి, కట్టే కణాలను ఆపేస్తాయి.

ఈ స్క్లెరోస్టిన్ సంగతి దక్షిణాఫ్రికాలో, నెదర్లాండ్స్‌లో కొన్ని కుటుంబాల వల్ల బయటపడింది. వాళ్ళలో ఆ జన్యువు సరిగా పని చేయదు, ఎముకలు అతిగా మందంగా పెరుగుతాయి. 2001లో ఆ జన్యువును గుర్తించారు. దాన్నుంచి పుట్టిన రోమోసోజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎక్కడో కొన్ని కుటుంబాల కష్టాన్ని ఓపిగ్గా పరిశోధించడం వల్ల ఇంకెక్కడో ఉన్న మన అమ్మలకు మందు దొరుకుతోంది. నా పనిలో నాకు బాగా నచ్చే విషయం ఇది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. గుంట తవ్వడానికి రెండు మూడు వారాలు చాలు, పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ హార్మోన్ తవ్వే కణాలను అదుపులో పెడుతుంది. ముట్లు ఆగాక ఆ అదుపు పోతుంది. తవ్వకం పెరిగి, పూడ్చడం వెనకబడుతుంది. మొదటి ఐదు నుంచి ఏడేళ్ళలోనే ఎముకలో 20 శాతం దాకా తగ్గిపోవచ్చు.

అందుకే అన్నిటికంటే ముందు ఇంట్లో పాత కాగితాలు వెతకమంటాను. గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. 35 ఏళ్ళు కూడా నిండకుండా ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేసి ఉంటే, ఆ రోజు నుంచే ఈస్ట్రోజెన్ ఆగిపోయినట్టు. అండాశయాలు ఉంచినా, అవి ముందుగానే పని తగ్గించేయొచ్చు. అమ్మను అడిగితే "అంతా తీసేసినారు" అంటుంది. అంతకు మించి ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. తన ఒంట్లోంచి ఏం తీశారో తెలియకుండానే ఒక మనిషి పాతికేళ్ళు గడిపేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఏమేమి తీశారో రాసి ఉంటుంది. దొరికితే దాన్ని డాక్టర్‌కు చూపించండి. ఆస్తమాకో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మాత్రలు మూడు నెలలకు మించి వాడి ఉన్నా, థైరాయిడ్, కిడ్నీ జబ్బులు ఉన్నా, అమ్మమ్మకు తుంటి విరిగి ఉన్నా అవి కూడా చెప్పండి. పొగాకు నమిలే అలవాటుంటే దాచొద్దు.

ఇంట్లోనే చూడదగ్గ గుర్తు ఇంకొకటి ఉంది. ఎప్పుడూ కట్టే పద్ధతిలోనే కట్టినా చీర కుచ్చిళ్ళు నేల మీద జీరాడుతున్నాయా? మనిషి పొట్టి అయ్యిందేమో చూడండి. గోడకు ఆనించి నిలబెట్టి ఎత్తు కొలవండి. వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే 4 సెంటీమీటర్లు తగ్గి ఉంటే, నొప్పి లేకపోయినా వెన్ను ఎక్స్‌రే తీయించాలి. వెన్నుపూసలు చప్పుడు లేకుండా నలుగుతాయి. చాలామంది దాన్ని "వయసు మీద పడి వంగింది" అని వదిలేస్తారు.

డెక్సాకు వచ్చేటప్పుడు

వెన్ను, తుంటి రెండూ తీయమని రాయించుకోండి. ఉచిత క్యాంపుల్లో మడమ మీద పెట్టి చేసే పరీక్షతో మందులు నిర్ణయించరు. ఆ చీటీ పట్టుకుని ధైర్యపడొద్దు, భయపడొద్దు కూడా.

పరగడుపున రానక్కర్లేదు, టిఫిన్ చేసి రావచ్చు. కాల్షియం మాత్ర మాత్రం ముందు రోజు నుంచి ఆపాలి. కరగని మాత్ర వెన్ను ముందు తెల్లగా కనిపించి లెక్క పెంచేస్తుంది. రంగు మందు ఎక్కించి సీటీ తీసి ఉన్నా, బేరియం తాగించి ఎక్స్‌రే తీసి ఉన్నా ఆ సంగతి ముందే ఫోన్‌లో చెప్పండి, ఒకటి రెండు వారాలు ఆగి రమ్మంటారు.

నూలు చీరో, హుక్కులూ జిప్పూ లేని నైటీయో వేసి తీసుకురండి. పిన్నీసులు, మొలతాడు, బొడ్లో దోపుకున్న చిల్లర సంచి, ఇవే నాకు రోజూ ఎదురయ్యేవి. తాళిబొట్టు తీయమంటారేమోనని పెద్దవాళ్ళు చాలా టెన్షన్ పడతారు. గది బయటే కూర్చుని కొంగు కప్పుకుని దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటారు. తీయక్కర్లేదు. మేం చూసేది నడుము దగ్గరి నాలుగు వెన్నుపూసలు, తుంటి. గొలుసును మెడ మీదికి జరిపితే సరిపోతుంది. ఆ మాట ఇంట్లోనే చెప్పి తీసుకొస్తే ఆమె సగం నెమ్మదిగా ఉంటుంది. మెత్తటి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద ఒక దిమ్మ పెడతాం. తర్వాత పాదాన్ని లోపలికి తిప్పి పట్టీ వేస్తాం. పది పదిహేను నిమిషాల పని. రేడియేషన్ ఛాతీ ఎక్స్‌రే కంటే తక్కువ. ఒక తుంటిలో రాడ్ ఉంటే రెండోది తీస్తాం.

రిపోర్టులో టీ-స్కోరు అని ఉంటుంది. వయసులో ఉన్న ఆరోగ్యవంతుల ఎముకతో పోలిస్తే మీ అమ్మది ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన హద్దుల ప్రకారం మైనస్ 1 దాకా మామూలు, మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఆస్టియోపీనియా, అంటే ఎముక కొంత పలచబడింది. మైనస్ 2.5, అంతకన్నా కిందకు ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక బాగా గుల్లబారింది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. మైనస్ 1.9 వచ్చింది కాబట్టి ఫర్వాలేదనుకుంటారు. చిన్న దెబ్బకే తుంటి గానీ వెన్నుపూస గానీ విరిగితే, టీ-స్కోరు ఎంతున్నా దాన్ని ఆస్టియోపోరోసిస్‌గానే చూడాలి. మణికట్టు విరిగి ఆస్టియోపీనియా అని వచ్చినా డాక్టర్‌తో మందుల మాట ఎత్తాల్సిందే.

65 దాటినవాళ్ళకు వెన్ను అంకె మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. అరిగిన వెన్నులో అంచులకు పెరిగిన ముళ్ళు కూడా లెక్కలోకి వచ్చి, ఎముక ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. తుంటి అంకె చూడండి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న పల్లెల నుంచి వచ్చేవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి 1937లోనే మన పక్క నెల్లూరు జిల్లా నుంచి రాశారు. ఫ్లోరైడ్ పట్టిన ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, అయినా పెళుసుగా విరుగుతుంది. ఇంటి బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే ఆ నీళ్ళు తాగడానికీ వంటకూ వాడొద్దు.

రక్త పరీక్షల్లో కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్, విటమిన్ డి ఉండేలా చూడండి. అవసరమనిపిస్తే డాక్టర్ పారాథైరాయిడ్ హార్మోన్, ప్రొటీన్ పరీక్షలు కూడా రాస్తారు.

ఎండ, విటమిన్ డి

ఈ విషయంలో మన తిరుపతిలోనే మంచి పరిశోధన జరిగింది. ఊళ్ళో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఇక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (హార్మోన్ల జబ్బుల వైద్యం) ప్రొఫెసర్‌గా పని చేసిన డాక్టర్ సి.వి. హరినారాయణ, ఆయన బృందం ఇక్కడి పల్లె, పట్టణ జనాన్ని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. పట్టణంలో నీడపట్టున ఉండేవాళ్ళలో డి లోటు ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. పల్లెల్లోనూ సగానికి పైగా ఆడవాళ్ళలో లోటు కనిపించింది. తిండిలో కాల్షియం రెండు చోట్లా తక్కువే, కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేట్ మాత్రం ఎక్కువ. ఎండ ఒక్కటే సరిపోదని అప్పుడే తేలింది. తిండిలో కాల్షియం తగ్గితే ఒంట్లో ఉన్న డి కూడా త్వరగా ఖర్చయిపోతుంది.

ఆ తర్వాత ఇంకో పని చేశారు. చర్మంలో ఏ పదార్థం మీద ఎండ పడితే డి తయారవుతుందో, దాన్ని గాజు గొట్టాల్లో పోసి తిరుపతి ఎండలో వేర్వేరు వేళల్లో పెట్టి చూశారు. ఏడాది పొడవునా ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్యే ఎక్కువగా తయారైందని 2013లో రాశారు. డి తయారుచేసే యూవీ-బీ కిరణాలు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడే బాగా కిందికి దిగుతాయి. ఉదయం ఆరున్నరకు మేడ మీద నిలబడే లేత ఎండ మనసుకు హాయిగా ఉంటుంది, డి విషయంలో పెద్దగా పనికిరాదు. కిటికీ అద్దం వెనక కూర్చుంటే అసలే రాదు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది.

మరి మన మే నెల ఎండలో 12 గంటలకు ముసలమ్మను మేడ ఎక్కించమంటానా? ఎంతమాత్రం కాదు. కార్తీకం నుంచి మాఘం దాకా 11 గంటల ప్రాంతంలో మోచేతుల దాకా, మోకాళ్ళ కింద ఎండ తగిలేలా కాసేపు కూర్చోబెట్టండి, ఒళ్ళు చురుక్కుమనేలోపు నీడకు రండి. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళే ఇందుకు పనికొస్తుంది. ఎండాకాలంలో వదిలేయండి. 60 దాటాక చర్మంలో డి తయారీ ఎలాగూ తగ్గుతుంది, కాబట్టి పెద్దవాళ్ళకు మాత్రే నమ్మకం.

మన దగ్గర ఎక్కువగా రాసేది 60,000 యూనిట్ల క్యాప్సూల్, వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు, ఆ తర్వాత నెలకొకటి. దీన్ని రోజూ వేసుకునేవాళ్ళు ఉన్నారు. చీటీలో రాసిన "వారానికి" అనే మాట ఇంట్లో ఎవరూ చదవకపోతే అలా జరుగుతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, మగత వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. క్యాలెండర్ మీద తారీఖులు చుట్టి పెట్టండి. ఏడాదికంతా ఒకేసారి పెద్ద మోతాదు ఇచ్చేస్తే పీడ పోతుందనుకోవడమూ మంచిది కాదు. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్ళకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే పడిపోవడాలూ, ఎముకలు విరగడాలూ పెరిగాయని 2010లో తేలింది.

తొడలు నొప్పి, నేల మీద నుంచి లేవడానికి చేతులు ఊనాల్సి రావడం, బాతులా అటూ ఇటూ ఊగుతూ నడవడం ఉంటే అది ఆస్టియోమలేషియా కావచ్చు. ఎముక కట్టుకున్నా దానిలోకి కాల్షియం చేరకపోవడం అది. ఇది ఆస్టియోమలేషియానా, ఆస్టియోపోరోసిసా అనే తేడా డెక్సా చెప్పలేదు, రక్త పరీక్ష చెబుతుంది. డి, కాల్షియంతో ఇది బాగా నయమవుతుంది.

వంటింట్లో

ముట్లు ఆగిన ఆడవాళ్ళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పింది. మనకు అదృష్టం కొద్దీ సంగటి ఉంది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక ముద్దలో 40 గ్రాముల పిండి పడిందనుకుంటే 140 దాకా వస్తుంది. అయితే రాగుల్లో ఫైటేట్ కూడా ఉంది. రాగులు నానబెట్టి మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండి వాడినా, రాత్రి పులియబెట్టిన అంబలి తాగినా ఫైటేట్ తగ్గి కాల్షియం ఒంటికి ఎక్కువ అందుతుంది. మా అమ్మమ్మ తరం తాగిన పులిసిన అంబలిని ఇప్పుడు మనం మాల్ట్ అని ప్యాకెట్‌లో కొంటున్నాం.

ఒక్క రాగితో లెక్క తీరదు. పాలు, పెరుగు 100 మిల్లీలీటర్లకు సుమారు 120 మిల్లీగ్రాములు ఇస్తాయి. చిత్తూరు జిల్లాలో పాడి లేని పల్లె అరుదు. కానీ తెల్లవారేసరికి పాలన్నీ డెయిరీ క్యాన్‌లోకి పోతాయి, ఆవుకు గడ్డి కోసి తెచ్చి పాలు పితికే అమ్మ మాత్రం చుక్క పాలు పడిన కాఫీ తాగుతుంది. రోజుకు అర లీటరుకు కాస్త తక్కువ పాలూ పెరుగూ ఆమె పేరున పక్కన పెట్టండి. దీనికి ఒక చెంచాడు నువ్వుల పొడి, పప్పులో మునగాకో తోటకూరో చేర్చితే 800 దాకా సులభంగా వస్తుంది. పాలకూరలో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ దాన్ని వదలదు, కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కొలాజెన్ కోసం ప్రొటీన్ కావాలి. ఉలవలు, పితికిన పప్పు, వేరుశనగలు, తినేవాళ్ళకు గుడ్డు. పళ్ళు లేవని చారన్నంతో సరిపెట్టేవాళ్ళకు పప్పు మెత్తగా మెదిపి పెట్టండి.

తిండిలో తక్కువైనంతే మాత్రతో పూడ్చాలి. మాత్ర పెట్టె మీద 1,250 అని ఉన్నా అది కాల్షియం కార్బనేట్ బరువు, అందులో అసలు కాల్షియం 500. కార్బనేట్ మాత్ర అన్నం తిన్న వెంటనే వేయాలి, ఒక్కసారికి 500 మించొద్దు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, ఐరన్ మాత్రతో కలిపి వేయొద్దు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి.

ఎముక మీద బరువు పడాలి

ఎముక విరిగాక ఇంట్లో అందరూ అనేది "నువ్వు కదలొద్దమ్మా, కూర్చో". ప్రేమతోనే అంటారు, కానీ ఎముకకు అంతకంటే హాని లేదు. అంతరిక్షంలో బరువు తెలియకుండా తేలే వ్యోమగాములకు తుంటిలో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం ఎముక తగ్గుతుంది, వాళ్ళు ఎంత గట్టి మనుషులైనా సరే. మంచం పట్టినవాళ్ళకూ జరిగేది అదే. ముందే చెప్పిన ఆస్టియోసైట్‌లు ఆ మాటే కట్టే కణాలకు చేరవేస్తాయి.

చేతులు లేని గట్టి కుర్చీ గోడకు ఆనించి పెట్టండి. అమ్మను చేతులు ఊనకుండా లేచి, నెమ్మదిగా కూర్చోమనండి. ఐదు సార్లతో మొదలుపెట్టి, వారం వారం పెంచండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా దిగడమే అసలు కసరత్తు. తర్వాత వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, మడమలను కాస్త బరువుగా నేలకు ఆనించడం. గోడకు చేతులు ఆనించి తోయడం మణికట్టుకు, వెన్నుకు మంచిది. ఒంటికాలి మీద నిలబడటం పక్కన మనిషి ఉండగానే చేయించండి. ఆస్ట్రేలియాలో ఎముక బలం తగ్గిన ఆడవాళ్ళతో వారానికి రెండుసార్లు అరగంట చొప్పున, ఫిజియోథెరపిస్టుల కళ్ళ ముందే నిజంగా బరువైన బరువులు ఎత్తించారు. ఎనిమిది నెలల్లో వెన్ను ఎముక పెరిగింది. ఇంట్లో సొంతంగా చేసే పని కాదది. కానీ ముసలివాళ్ళ ఎముక ఇక మారదు అనేవాళ్ళకు మాత్రం చెప్పండి.

వెన్నుపూస నలిగినవాళ్ళు ముందుకు వంగకూడదు. మునివేళ్ళు ముట్టుకునే ఆసనాలు, నడుము తిప్పే ఆసనాలు మానాలి. నడుము వంచి ముగ్గు వేయడం, నిండు బిందె ఎత్తడం, పెద్ద గిన్నెలో సంగటి కెలకడం వేరేవాళ్ళు తీసుకోవాలి. ముగ్గు మీద మనసు పోతే ఎత్తు పీట మీద కూర్చుని గడప మీద వేయమనండి. కొండకు నడిచి వెళ్ళాలని అడుగుతారు. అలిపిరి దారి 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు 2,388. చెయ్యి విరిగి కోలుకుని, కాళ్ళలో పట్టు ఉన్న మనిషి డాక్టర్‌ను అడిగి, తోడుతో, ఆగుతూ ఆగుతూ ఎక్కవచ్చు. దిగేటప్పుడు మాత్రం బస్సే. పడటం ఎక్కువగా దిగేటప్పుడే జరుగుతుంది.

ఇంట్లో చూడాల్సినవి త్వరగా చెబుతాను. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ, నేల మీద గరుకు చాప, రాత్రి దొడ్డి వైపు వెళ్ళే దారిలో లైటు. గడప దగ్గర చెప్పుల గుట్ట తీసేయండి. నిద్రమాత్రలు, పడక మీద నుంచి లేవగానే కళ్ళు తిప్పించే బీపీ మాత్రలు ఉంటే డాక్టర్‌కు చెప్పండి. కంటి శుక్లం వాయిదా వేయకండి.

మందులు

ఏ మందు ఇవ్వాలో డాక్టర్ చెబుతారు. దాన్ని సరిగ్గా వాడించడం ఇంట్లోవాళ్ళ చేతిలో ఉంటుంది.

వారానికొకటి వేసే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర ఎముకకు అంటుకుని తవ్వే కణాలను అణచివేస్తుంది. పొద్దున పరగడుపున, పెద్ద గ్లాసుడు మంచినీళ్ళతో వేయాలి. కాఫీతో వేస్తే ఒంటికి అందదు. వేశాక అరగంట కూర్చోనైనా ఉండాలి, నిలబడైనా ఉండాలి, పడుకుంటే గొంతులో పుండు పడొచ్చు. మన దగ్గర చాలామంది శనివారం స్నానం చేసి పూజ అయ్యేదాకా ఏమీ ముట్టరు. లేవగానే మాత్ర వేసి పూజ చేసుకుంటే ఆ అరగంట తేలిగ్గా గడిచిపోతుంది, వారం కూడా మరిచిపోరు. పూజకు ముందు మాత్ర మింగడం ఇష్టం లేనివాళ్ళు ఇంకో రోజు పెట్టుకోండి.

జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు ఏడాదికొకసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. తుంటి విరిగినవాళ్ళకు ఇది ఇస్తే మరణాలు 28 శాతం తగ్గాయని 2007లో వచ్చిన పెద్ద పరిశోధన చూపించింది. ఎక్కించే ముందు విటమిన్ డి, కాల్షియం, క్రియాటినిన్ చూసి ఉండాలి. డి లోటుతో ఉన్నవాళ్ళకు ఎక్కిస్తే కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళు నొప్పులు రావచ్చు, అది మామూలే. పళ్ళు పీకించే పని ఉంటే ముందే చేయించండి.

ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ గురించి నేను ప్రతి కుటుంబానికీ విడిగా చెబుతాను. తవ్వే కణాలను పిలిచే ర్యాంక్‌ఎల్ అనే సంకేతాన్ని ఇది అడ్డుకుంటుంది. బాగా పని చేస్తుంది. కానీ తేదీ దాటించి ఆపేస్తే అణిగి ఉన్న తవ్వే కణాలు ఒక్కసారిగా లేస్తాయి, ఒకటికి రెండు మూడు వెన్నుపూసలు నలిగిపోవచ్చు. డబ్బు లేదనో, అల్లుడి ఊరికి వెళ్ళామనో, నొప్పి తగ్గిందనో ఆపకండి. ఆపాల్సి వస్తే దాని బదులు ఇంకో మందు మొదలుపెట్టించాకే ఆపాలి. మొదటి ఇంజెక్షన్ రోజే ఫోన్‌లో తర్వాతి తేదీకి అలారం పెట్టండి.

ఎముకను కొత్తగా కట్టించే టెరిపారాటైడ్ రోజూ వేసుకునే ఇంజెక్షన్, రెండేళ్ళ దాకా ఇస్తారు. తర్వాత ఇంకో మందుతో ఆ ఎముకను నిలుపుకోవాలి. తవ్వే కణాలను అణచే మందు ఏదైనా కొన్నేళ్ళు వాడాక తొడలో కొత్తగా నొప్పి మొదలైతే, మోకాలి నొప్పి అని వదిలేయకుండా తొడ ఎక్స్‌రే తీయించండి. మాత్రలు ఐదేళ్ళు, సెలైన్ మూడేళ్ళు అయ్యాక కొనసాగించాలా, కొన్నాళ్ళు ఆపాలా అని డాక్టర్‌ను అడగండి.

మళ్ళీ స్కాన్‌కు ఆరు నెలలకే రావద్దు. పూడ్చే పని నెమ్మదిది, ఏడాది నుంచి రెండేళ్ళు ఆగితేనే తేడా కనిపిస్తుంది. వచ్చినప్పుడు అదే మెషీన్ మీద తీయించండి, వేరే సెంటర్ మెషీన్‌తో అంకెలు పోల్చకూడదు. రెండు మూడు శాతం తేడా మెషీన్ వల్లా, పడుకున్న తీరు వల్లా కూడా వస్తుంది, దానికి సంబరమూ వద్దు, దిగులూ వద్దు. అంకె కదలకుండా అక్కడే ఉన్నా మందు పని చేస్తున్నట్టే. పాత రిపోర్టు, వెన్ను ఎక్స్‌రే ఫిల్ము, మందుల చీటీ, గర్భసంచి ఆపరేషన్ కాగితం ఒకే కవర్‌లో పెట్టి తీసుకురండి. ఎత్తు మళ్ళీ కొలిపించి కవర్ మీద రాయించండి.